దేవుడి గూడు: తెలుగిళ్లలో పూజాస్థానం

దేవుడి గూడు, దేవుడి మూల, దేవునర్ర, పూజ గది, మందిరం: ఇంట్లో దేవుడికి విడిచిన చోటును తెలుగువాళ్లు పిలుచుకునే పేర్లలో ఇవి కొన్ని. ఆ చోటు గోడలో జానెడు గూడు కావచ్చు, వంటింటి అలమరలో ఒక అర కావచ్చు, ఏకంగా ఒక గదే కావచ్చు. అందులో ఉండేవీ ఇంటింటికీ మారతాయి. ఒక ఇంట్లో అన్నవరం నుంచి తెచ్చిన సత్యనారాయణస్వామి పటం, పక్కింట్లో తాతల నాటి సాలగ్రామాలు, ఆ పక్కింట్లో పసుపు రాసిన రాయి, గవ్వల దండ, పెద్దల పేరున పెట్టిన చిన్న కుండ. గుడిలో అర్చన ఎలా జరగాలో వైఖానసమో పాంచరాత్రమో శైవాగమమో చెబుతుంది. ఇంటి పూజకు అలాంటి ఒకే కట్టడి లేదు. "మా ఇంట్లో ఇలాగే" అనే ఆనవాయితీకే ఇక్కడ అధికారం ఎక్కువ. అందుకే దేవుడి గూటిని గుడికి చిన్న నమూనాగా చూస్తే దాని అసలు సంగతి అందదు. పెళ్లిళ్లతో, చావులతో, యాత్రలతో, మొక్కులతో ఒక కుటుంబం పోగుచేసుకున్న చరిత్ర అది. చాలా ఇళ్లలో రాతలో లేని వంశచరిత్ర అక్కడే దొరుకుతుంది.

చోటు

మట్టి గోడలతో ఇళ్లు కట్టిన రోజుల్లో గోడలు మందంగా ఉండేవి. ఆ మందంలోనే దీపానికొక గూడు, దేవుడికొక గూడు విడిచేవారు. సున్నం కొట్టి, చుట్టూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడితే అదే పూజాస్థానం. కృష్ణా, గోదావరి ప్రాంతాల మండువా లోగిళ్లలో వంటింటికి ఆనుకునో, వంటింట్లోనే ఒక మూలనో దేవుడు ఉండేవాడు. నైవేద్యం మడితో వండాలి, వండిన చోటు నుంచి దేవుడి దాకా ఎవరికీ తగలకుండా రావాలి. ఆ అవసరమే ఈ ఇరుగుపొరుగుకు కారణం. తెలంగాణలో లోపలి అర్రల్లో ఒకదాన్ని దేవునర్ర అంటారు. ఇంటికి ఈశాన్యం దేవుడి మూల అన్న వాస్తు మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తుంది కానీ, పాత ఇళ్లు చూస్తే ఆ నియమం అన్నిచోట్లా పాటించినట్టు కనిపించదు. పేదవాడి ఒంటిగది ఇంట్లో ఏ గోడకు చెమ్మ తగలదో ఆ గోడకే పటం తగిలేది.

ఇంట్లో పూజించే విగ్రహం ఎంత ఉండాలన్న దానికి మాత్రం ఒక స్పష్టమైన మాట ఉంది. బొటనవేలి కణుపు మొదలు జానెడు వరకే ఇంటి ప్రతిమలు ఉండాలని, అంతకు మించినవి ఇంటికి తగవని మత్స్యపురాణం చెబుతుంది. పెద్ద విగ్రహానికి నిత్యం స్నానం, నైవేద్యం, దీపం తప్పకుండా జరగాలి. ఇల్లు ఆ బరువు మోయలేదన్న ఎరుక ఈ కొలతలో ఉందనిపిస్తుంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ ప్లానుల్లో పూజ గది తప్పనిసరి అయింది. అక్కడి హాళ్లలో మూడడుగుల ఇత్తడి వినాయకులు అలంకారానికి కూర్చుంటున్నారు. పూజ మాత్రం లోపల గదిలోని వేలెడంత విగ్రహాలకే జరుగుతోంది. పాత కొలత పూర్తిగా చెరిగిపోలేదు.

లోపలి గూటితోనే పూజాస్థానం ఆగదు. గడపకు శుక్రవారం పసుపు రాసి బొట్లు పెడతారు, వాకిట్లో ముగ్గు వేస్తారు, పెరట్లోనో వాకిట్లోనో తులసికోట ఉంటుంది. కార్తీక శుద్ధ ద్వాదశి నాడు, అంటే క్షీరాబ్ధి ద్వాదశికి, తులసికోటలో ఉసిరి కొమ్మ నాటి దీపాలు పెట్టడం ఇప్పటికీ విస్తారంగా ఉన్న ఆచారం. పెరడు లేని మూడో అంతస్తు ఇళ్లలో తులసి కుండీ బాల్కనీలోకి వచ్చింది.

అగ్ని, రాయి, పటం

వైదిక గృహస్థుడికి ఇంటి దేవుడు మొదట అగ్ని. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ సూత్రాల ప్రకారం పెళ్లినాడు రగిల్చిన ఔపాసనాగ్నిని దంపతులు ఆరిపోకుండా కాపాడుకోవాలి. వండిన అన్నంలోంచి తలుపు దగ్గర, నీళ్లకుండ దగ్గర, ఇంటి నడుమ చిన్న ముద్దలు పెట్టే వైశ్వదేవ బలి కూడా ఆ సూత్రాల కాలపుదే. అంటే ఇల్లంతా దేవతలు ఉండే చోటేనన్న భావన విగ్రహారాధన కంటే ముందుది. ఆ తర్వాత చేరిన బౌధాయన గృహ్యశేష సూత్రంలో ప్రతిమలకు చేసే పూజావిధానం కనిపిస్తుంది. క్రమంగా నిప్పు వెనక్కి తగ్గింది, దీపం మిగిలింది.

స్మార్త కుటుంబాల పంచాయతన పూజను ఆదిశంకరుల పేరుతో ముడిపెడతారు. శివుడు, విష్ణువు, అంబిక, ఆదిత్యుడు, గణపతి ఐదుగురూ ఒకే పీఠం మీద ఉంటారు. ఇంటివాళ్ల ఇష్టదైవం నడుమన, తక్కిన నలుగురూ నాలుగు మూలల. వీళ్లకు కన్ను ముక్కు చెక్కిన విగ్రహాలు అక్కర్లేదు, ఐదు రాళ్లు చాలు. శివుడికి నర్మదలో దొరికే బాణలింగం, విష్ణువుకు గండకీ నది సాలగ్రామం, గణపతికి శోణ నది ఎర్రరాయి, సూర్యుడికి తంజావూరు దగ్గరి వల్లం స్ఫటికం, అమ్మవారికి స్వర్ణముఖి రాయి. చివరిది మన నదే. తిరుపతి ప్రాంతాన్ని తడిపి శ్రీకాళహస్తి గుడిని ఆనుకుని సముద్రానికి పోతుంది. నర్మద, శోణ రెండూ అమరకంటకంలోనే పుడతాయి, కాబట్టి తండ్రీ కొడుకుల రాళ్లు ఒకే కొండ నుంచి దిగివచ్చినట్టు. నేపాల్ నుంచి తంజావూరు దాకా ఉన్న భూమి అరచేతిలో పట్టే చిన్న పెట్టెలోకి, అంటే సంపుటంలోకి, ఒదిగిందంటే, ఆ ఐదు రాళ్లను పోగుచేసిన యాత్రికుల కాళ్లను తలచుకోకుండా ఉండలేం.

వీటిలో సాలగ్రామం కథ ప్రత్యేకం. కాళీగండకి లోయలో, ముక్తినాథ్ క్షేత్రం పరిసరాల్లో దొరికే ఈ నల్లరాళ్లు జురాసిక్ కాలపు అమ్మోనైట్ శిలాజాలు. హిమాలయాలు లేవక ముందు అక్కడ ఉన్న సముద్రంలో బతికిన జీవుల చుట్టలు అవి. ఆ చుట్టలనే భక్తులు చక్రాలుగా చూస్తారు. చక్రాల పోలికను బట్టి లక్ష్మీనారాయణుడు, నరసింహుడు, దామోదరుడు అని గుర్తుపడతారు. సాలగ్రామానికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదని, అది తనంత తానే దైవమని నమ్మకం. నిత్యం అభిషేకం జరగాలన్న పట్టింపు కూడా అంతే గట్టిది. ఇంటిల్లిపాదీ ఊరెళ్లాల్సి వస్తే సంపుటాన్ని వెంట తీసుకెళ్లడమో, నమ్మకమైన ఇంట్లో అప్పగించడమో చేసేవారు.

వీరశైవుల పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. వాళ్లకు ఇష్టలింగం మెడలోనే ఉంటుంది. దాన్ని ఎడమ అరచేతిలో నిలిపి పూజిస్తారు. చెయ్యే పీఠం కాబట్టి గూడు ఉన్నా లేకపోయినా పూజ ఆగదు. పాల్కురికి సోమనాథుడి కాలానికే తెలుగునేల మీద వేళ్లూనిన ఈ మార్గంలో గుడి మీద ఆధారపడని భక్తి అనే ఆలోచన బలంగా ఉంది.

బీదాబిక్కీ అందరి గోడల మీదకీ దేవుడి రూపం చేరింది అచ్చుయంత్రంతోనే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో శిలాముద్రణ యంత్రశాల పెట్టాక లక్ష్మి, సరస్వతి రంగుల పటాలు దేశమంతా పాకాయి. తర్వాత కోవిల్పట్టి చిత్రకారుడు సి. కొండయ్యరాజు, ఆయన శిష్యులు వేసిన బొమ్మలు శివకాశి క్యాలెండర్లుగా తెలుగు కిరాణా కొట్ల ద్వారా ఇంటింటికీ వచ్చాయి. ఏడాది ముగిశాక క్యాలెండరు కింద తారీఖుల కాగితం పోతుంది, పైన దేవుడు మిగులుతాడు. ఆ బొమ్మను కత్తిరించి అద్దం కట్టించుకున్న పటాలు ఎన్నో ఇళ్లలో మూడు తరాలుగా పూజలందుకుంటున్నాయి. గుడి గడప దాటనివ్వని కులాలకు దేవుడి ముఖం తమ ఇంట్లో, తమ కంటి ఎత్తున, ఎంతసేపైనా చూసుకునే వీలు ఇచ్చింది ఈ చవక కాగితమే. కళావిమర్శకులు క్యాలెండరు బొమ్మల్ని తేలిగ్గా తీసేశారు గానీ, ఇంటి పూజ చరిత్రలో వాటంతటి మార్పు తెచ్చిన వస్తువు మరొకటి లేదు.

పటాలు బయటి అచ్చుశాలల నుంచి వచ్చినా, పూజకు వాడే లోహ సామగ్రికి తెలుగునేల మీదే పేరుపడ్డ ఊళ్లున్నాయి: జనగామ దగ్గరి పెంబర్తి, శ్రీకాకుళం జిల్లా బుడితి.

ఇలవేల్పులు, పెద్దలు

పై వరసలో వెంకటేశ్వరుడు, లక్ష్మి, రామ పట్టాభిషేకం ఉన్నా, చాలా కుటుంబాల్లో కష్టం వచ్చినప్పుడు మొదట తలుచుకునేది ఇలవేల్పును. ఎల్లమ్మ, పోచమ్మ, అంకమ్మ, గంగమ్మ, మల్లన్న, వీరభద్రుడు, నరసింహుడు: ఇంటిపేరుతో పాటు వచ్చే దైవాలు. పటం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గజ్జెలు, గవ్వలు, వేపమండలు, పసుపు రాసిన చెంబు, ఒక వెదురుబుట్ట ఆ దేవతకు గుర్తు కావచ్చు. బోనాల నాడు తెలంగాణ ఆడవాళ్లు బోనాన్ని గుడికి ఎత్తుకెళ్లే ముందు ఇంట్లోనే పసుపు కుంకుమలతో అలంకరించి, దీపం పెట్టి మొక్కుతారు. బతుకమ్మ కూడా ఇంట్లోనే పుడుతుంది. తంగేడు, గునుగు పూలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, ఇంటి దేవుడి ముందు ఉంచి మొక్కాకే వాకిట్లోకి తెస్తారు.

కోస్తా జిల్లాల్లో పేరంటాలు ఆరాధన ఇంకా లోతైనది. ఐదోతనంతో కన్నుమూసిన ఇంటి ఆడబిడ్డనో కోడలినో పేరంటాలుగా కొలుస్తారు. పెళ్లికి ముందు, సంక్రాంతికి ఆమె పేరున కొత్త చీర, గాజులు, పసుపు కుంకుమ పెడతారు. ఆ చీరను ఇంటి ఆడపిల్లో ముత్తైదువో కట్టుకుంటుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ ఇలా ఒక కుటుంబపు పేరంటాలుగా మొదలై లక్షల మంది మొక్కే అమ్మవారైంది. ఇంటి గూటిలోంచి గుడి పుట్టడానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ తెలుగునాట అరుదు.

గోదావరి జిల్లాల్లో పసితనంలోనో, పెళ్లి కాకుండానో పోయిన పిల్లలు వీరభద్రుడిలో కలుస్తారని నమ్మే కుటుంబాలు ఉన్నాయి. ఆ బిడ్డకు గుర్తుగా విభూతి పండును దేవుడి దగ్గర ఉంచుతారు. ఇంట్లో పెళ్లి తలపెడితే ముందు వీరభద్రుడి సంబరం చేసి, డప్పులతో, శరభ నినాదాలతో గోదావరికి వెళ్లి వస్తారు. అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ నైప్ రాజమండ్రి ప్రాంతంలో ఈ ఆచారాన్ని దగ్గరగా చూసి 1989లో ప్రచురించిన వ్యాసం దీనిమీద ముఖ్యమైన అధ్యయనం. పిల్లవాడు పోయాడన్న దుఃఖాన్ని దాచిపెట్టకుండా, వాడికీ ఇంట్లో ఒక చోటిచ్చి, తోబుట్టువుల పెళ్లిళ్లకు పిలిచే ఈ పద్ధతిలో ఉన్న ఓదార్పు చాలా గొప్పది.

చనిపోయిన పెద్దల ఫోటోలను దేవుళ్ల పటాల వరసలో కలపకూడదన్నది ఎక్కువ ఇళ్ల ఆనవాయితీ. అవి వేరే గోడకు, దండతో. స్టూడియో ఫోటోలు రాక ముందు పెద్దలకు ముఖం లేదు. బట్టలు, దీపం, విస్తట్లో వడ్డించిన భోజనమే వాళ్లు. ఉత్తరాంధ్రలో సంక్రాంతి అంటే ముందుగా పెద్దల పండగే. తెలంగాణలో పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, పెద్దల పేరున బియ్యం ఇస్తారు.

సవర ఆదివాసులు పోయినవాళ్ల కోసం తమ ఇళ్ల గోడలనే వాడతారు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో వాళ్లు ఎర్రమట్టి గోడ మీద బియ్యపు పిండితో మనుషులు, జంతువులు, చెట్లు నిండిన చతురస్రాకారపు చిత్రం వేస్తారు. ఒడిశా వైపు దీన్ని ఇడిటాల్ అంటారు. అది పోయినవాళ్లకో ఆత్మలకో కట్టిన ఇల్లు. దాని ముందు కుండలు వేలాడదీసి నైవేద్యాలు పెడతారు. మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1950లలో సవరల మతం మీద రాసిన గ్రంథంతో ఇది బయటి ప్రపంచానికి తెలిసింది. ఇప్పుడు హస్తకళల దుకాణాల్లో కాగితం మీద, గుడ్డ మీద దొరికే సవర చిత్రాలకు మూలం ఆ ఇంటి గోడే.

పండగకు లేచే పీఠాలు

కొన్ని పూజాస్థానాలు ఒక్కరోజుకే కడతారు. వినాయకచవితికి పీట మీద మట్టి వినాయకుడు, పైన పాలవెల్లి, దానికి వేలాడే వెలక్కాయ, మొక్కజొన్న పొత్తులు, సీతాఫలాలు. ఇరవయ్యొక్క పత్రి కోసం పిల్లలు ఉత్తరేణి, వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త, మారేడు వెతుకుతూ తిరిగేవారు. ఊరి చెట్ల పేర్లు నేర్పే బడి అదే. పట్నాల్లో పత్రి కట్టలు కొనుక్కోవడం వచ్చాక ఆ చదువు పోయింది. శ్రావణమాసంలో పున్నమికి ముందు శుక్రవారం వరలక్ష్మీవ్రతానికి బియ్యం పోసిన పళ్లెంలో కలశం, దానిమీద మామిడాకులు, కొబ్బరికాయ, రవికగుడ్డ. ఇప్పుడు కొబ్బరికాయకు వెండి ముఖం అమర్చి పట్టుచీర కట్టి, నగలు పెట్టి అమ్మవారిని నిలువెత్తున కూర్చోబెడుతున్నారు.

బొమ్మల కొలువు కోస్తాలో సంక్రాంతికి, మరికొన్ని ప్రాంతాల్లో దసరాకు పెడతారు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. తెల్ల పొనికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్ర మీద లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు ఈ కొలువుల్లోకే పుట్టినట్టు ఉంటాయి. దశావతారాల పక్కన తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, అంబారీ ఏనుగు, పెళ్లి బొమ్మలు కూర్చుంటాయి. ఇది ఆడపిల్లల పెత్తనంలో నడిచే పూజ. ఏ మెట్టు మీద ఎవరు కూర్చోవాలో వాళ్లే తేలుస్తారు.

అయ్యప్ప మాల వేసిన మగవాళ్లు మండలం, అంటే 41 రోజులు, ఇంట్లోనో పదిమంది స్వాములు కలిసిన చోటో పీఠం పెట్టుకుంటారు. పద్దెనిమిది మెట్లతో పడిపూజ చేస్తారు. వంటింటి వైపు తొంగిచూడని మగవాళ్లు ఆ నలభయ్యొక్క రోజులు తెల్లవారుజామున లేచి చన్నీళ్ల స్నానం చేసి, పళ్లేలు తోముకుని, భిక్ష వండుకోవడం తెలుగిళ్లలో గత నాలుగైదు దశాబ్దాల్లో వచ్చిన గట్టి మార్పు.

అన్నిటికంటే సులువైన దేవుడు పసుపుముద్ద. తమలపాకు మీద చిటికెడు పసుపు తడిపి కోన్‌లా నిలిపి బొట్టు పెడితే వినాయకుడు, మరొకటి చేస్తే గౌరి. పూజ అయ్యాక పీటను కొద్దిగా కదిపి ఉద్వాసన చెబుతారు. ఆ పసుపును ముత్తైదువలు పుస్తెలకు రాసుకుంటారు. ఏ ఆస్తీ లేని ఇంట్లోనూ, ఏ పరాయి ఊళ్లోనూ దీనికి లోటు రాదు.

చేసే చేతులు

శాస్త్రగ్రంథాలు పదహారు ఉపచారాల గురించి చెబుతాయి: ఆవాహన మొదలు మంత్రపుష్పం దాకా, ఇంటికి వచ్చిన పెద్ద అతిథికి చేసే మర్యాదల వరుస. తీరిక లేనప్పుడు గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం ఐదే చాలు. ఈ వరుసలో కనిపించని పని చాలా ఉంది. గురువారం సాయంత్రం కుందులు, హారతి పళ్లెం, పంచపాత్ర, ఉద్ధరిణి చింతపండుతో తోమాలి. పత్తిలోంచి గింజ తీసి వత్తులు చేయాలి. సానమీద గంధపుచెక్క అరగదీయాలి. బియ్యంలో పసుపు, నెయ్యి కలిపి అక్షతలు సిద్ధం చేయాలి. నిన్నటి నిర్మాల్యం తీసి ఎవరూ తొక్కని చెట్టు మొదట్లో వేయాలి. వైదిక కుటుంబాల్లో నిత్య దేవతార్చన మగవాళ్లది అంటారు. ఆ అర్చనకు కావలసినవన్నీ చేతికి అందేలా అమర్చింది మాత్రం ఆడవాళ్లు. కులం ఏదైనా, తెలుగిళ్లలో దీపం వెలిగించే చేయి నూటికి తొంభై పాళ్లు ఇల్లాలిదేనని చెప్పినా తప్పు కాదు.

ఆ చేతినే నెలకు కొన్నాళ్లు దూరం పెట్టారు. ముట్టు, పురుడు, మైల పేరుతో దేవుడి గదికి ఆమె రాకూడదు. గిన్నెలు తోమే పనిమనిషికి వాకిలి దాకానే ప్రవేశం, పెరట్లో పూలు కోసిచ్చిన మనిషికి ఆ పూలు చేరే చోటు చూసే వీల్లేదు. మడి అంటే శుభ్రతేనని ఎంత సమర్థించుకున్నా, అంటరాని మనుషుల్ని ఇంటి నడుమన నిలబెట్టి చూపింది ఆ గదే. ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ పట్టింపులు సడలాయి. సడలడం మంచిదే, ఇంకా సడలాలి.

సామగ్రి కూడా మారింది. ఒకప్పుడు చెట్టునుంచి తీసిన కర్పూరం దూరదేశాల నుంచి వచ్చే ఖరీదైన సరుకు. ఇప్పటి హారతి కర్పూరం దాదాపు అంతా పైన్ జాతి చెట్ల టర్పెంటైన్ నుంచి కర్మాగారాల్లో తయారవుతుంది. పసుపుకు సున్నం కలిపి ఇంట్లో చేసుకునే కుంకుమ స్థానంలో రంగుపొడులు వచ్చి, నుదుటి మీద దురదలు తెచ్చాయి.

పాటగా మారిన ఇంటి పూజ

ఇంటి దేవుడు తెలుగు సంస్కృతికి ఇచ్చిన గొప్ప కానుక తిరువయ్యారులో ఉన్న ఒక తెలుగింటి నుంచి వచ్చింది. త్యాగరాజు (1767–1847) తంజావూరు సరభోజీ కొలువుకు వెళ్లలేదు, తన ఇంటి రాముడి ముందు కూర్చున్నాడు. ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనలు సభల కోసం కట్టినవి కావు. ఇంటి విగ్రహాన్ని నిద్రలేపడం, ఆరగింపుకు పిలవడం, తాంబూలం ఇవ్వడం, హారతి పట్టడం, ఊయలలో జోకొట్టడం – నిత్యపూజలోని ఒక్కో ఉపచారానికి ఒక్కో పాట. అన్నగారు ఆ విగ్రహాలను కావేరిలో పారవేశాడని, త్యాగరాజు తల్లడిల్లి వెతికి తిరిగి పొందాడని పారంపర్య కథ. ఆ అన్న వంశీకుల ఇంట, తంజావూరు వరాహప్పయ్యర్ వీధిలో, ఆయన కొలిచిన రామపంచాయతనం ఇప్పటికీ పూజలందుకుంటున్నదని చెబుతారు. నేడు కచేరీల చివర మంగళానికి ముందు వినిపించే చిన్న కీర్తనల్లో కొన్నిటి అసలు చోటు ఆ దేవుడి గది.

ఇతర విశ్వాసాల ఇళ్లు

తెలుగు కథోలిక కుటుంబాల్లో యేసు తిరుహృదయం పటం, మరియమాత స్వరూపం, జపమాల, కొవ్వొత్తి ఉన్న చిన్న బల్ల కనిపిస్తుంది. విజయవాడ గుణదల కొండ నుంచి తెచ్చిన మాత బొమ్మ చాలా ఇళ్లలో దానిమీదే. లూథరన్, బాప్టిస్టు వంటి సంఘాల ఇళ్లలో బల్ల ఉండదు, బొమ్మ ఉండదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన వచనం కార్డు గోడమీద ఏడాదంతా ఉంటుంది. సాయంత్రం కుటుంబ ప్రార్థన దాని కిందే. హైదరాబాదు పాతబస్తీలో షియా కుటుంబాలు ముహర్రంలో ఇంట్లోనే ఆషూర్‌ఖానా తీర్చి అలంలు నిలుపుతాయి. పల్లెల్లో పీర్ల చావిడి ఊరందరిదీ; హిందువుల ఇళ్ల నుంచి కూడా పీర్లకు కుడుకలు, దట్టీలు వెళతాయి. దళిత కుటుంబాలెన్నో బుద్ధుడి పక్కన అంబేడ్కర్ పటం నిలిపి పూలు పెడతాయి. ఆ గోడ ముందు నిలబడితే పూజకు, గౌరవానికి మధ్య గీత గీయడం ఎంత కష్టమో తెలుస్తుంది.

పీఠమే లేని ఇల్లూ తెలుగునాట ఆలోచించి ఎంచుకున్న దారిగా ఉంది. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ మార్గంలో విగ్రహం లేని ప్రార్థనను నిలిపారు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో విజయవాడకు మార్చి, ఆ జీవితాన్ని కుటుంబంగా బతికి చూపారు.

ఊరు దాటిన గూడు

పంతొమ్మిదో శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ ఆ రేవు పేరుతోనే పిలిచారు. వాళ్ల వెంట వెళ్లిన దైవాల్లో సింహాద్రి అప్పన్న, అమ్మోరు ముఖ్యులు. భాష నాలుకల మీద పలచబడినా, దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన నిలిచింది.

అమెరికాలో బట్టల గది తలుపు తీస్తే దేవుడి మందిరం కనిపించే తెలుగిళ్లు కోకొల్లలు. చెక్క ఇళ్లు, పొగ కనిపెట్టే అలారాలు, అద్దె ఒప్పందాలు అక్కడి పూజను తీర్చిదిద్దాయి: కర్పూరం తగ్గింది, కరెంటు దీపం వచ్చింది, అగరొత్తి గరాజులోకి వెళ్లింది. గృహప్రవేశానికి పాలు పొంగించడం మాత్రం విద్యుత్ పొయ్యి మీదైనా జరిగి తీరుతుంది. ముందుగా గడప దాటేది దేవుడి పటమే.

ఎవరికి చెందుతుంది?

ఇంటి దేవుడు ఆస్తి అవునా, కాదా? ఈ ప్రశ్న 1925లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. కలకత్తా మల్లిక్ కుటుంబంలో వంతులవారీగా పూజ చేసే అన్నదమ్ముల నడుమ, విగ్రహాన్ని తన వంతులో తన ఇంటికి తీసుకెళ్లవచ్చా అన్న తగాదా అది. విగ్రహం కేవలం కదిలించగల వస్తువు కాదని, ఎక్కడ ఉండాలన్న దానిలో దేవుడి ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలని, అందుకు స్వార్థం లేని ప్రతినిధి ద్వారా దేవుడి మాట వినాలని న్యాయమూర్తులు చెప్పారు. భారతీయ న్యాయశాస్త్రంలో దేవుడి హోదా గురించి మాట్లాడినప్పుడల్లా ఈ ఇంటి తగాదా ప్రస్తావనకు వస్తుంది.

తెలుగిళ్లలో పంపకం కోర్టుకు పోయేది తక్కువ. దేవతార్చన పెద్దకొడుకుకు వెళుతుంది, తక్కినవాళ్లు వేరు కాపురం పెట్టినప్పుడు కొత్త పటాలు కొనుక్కుంటారు. ఇది మగవాళ్ల వరుస. దానికి సమాంతరంగా ఇంకొక వరుస ఉంది, దాన్ని రాసినవాళ్లు తక్కువ. పెళ్లికి ముందు గౌరీపూజ చేసిన పెళ్లికూతురు ఆ గౌరీదేవిని తనతోనే అత్తవారింటికి తీసుకెళుతుంది. పెళ్లయిన తొలి అయిదేళ్లు శ్రావణ మంగళవారాల్లో మంగళగౌరిని నోస్తుంది. పుట్టింటి వెండి కుందులు, అమ్మమ్మ వాడిన పసుపు భరిణె, మేనత్త ఇచ్చిన అన్నపూర్ణ విగ్రహం ఇలాగే ఇల్లు మారతాయి. కాబట్టి ఏ దేవుడి గూట్లోనైనా సగం దేవుళ్లు అత్తగారి తరపువాళ్లు, సగం కోడలి పుట్టింటివాళ్లు. పంచాయతన సంపుటం ఎవరిదో అందరికీ తెలుసు, కుందుల వంశవృక్షం ఇల్లాళ్లకే తెలుసు.

కొడుకులు లేని ఇళ్లలో, ఉన్నా దూరదేశాల్లో స్థిరపడ్డ ఇళ్లలో, నిత్యాభిషేకం అడిగే సాలగ్రామాలను ఇప్పుడు గుళ్లకో మఠాలకో అప్పగిస్తున్నారు. మరికొన్ని ఇళ్లలో కూతుళ్లు వాటిని తీసుకుని, పుట్టింటి ఆనవాయితీని అత్తింటి గూటిలో సాగిస్తున్నారు. తండ్రి చేసిన పూజావిధానాన్ని ఫోనులో రికార్డు చేసుకుని, అమ్మ చెప్పిన నైవేద్యాల వరుసను నోటుపుస్తకంలో రాసుకుని మరీ నేర్చుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు.